ఉలవల్లో రాళ్లు ఏరించి ఎంచిన ఆయా

పోయిన వారం మనవరాలు ఫోన్ చేసింది. అది కొరాపుట్ వైపు కొండమీద ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఉంటుంది. మొగుడు అక్కడ టెక్నీషియను, అది స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఏడు నెలల పిల్లాణ్ణి వదిలి మళ్లీ పనిలో చేరాలి కాబట్టి ఆయా కోసం వెతుకుతోంది. ఇద్దరు వచ్చారట. ఒకావిడ బొబ్బిలి వైపు తెలుగామె, మాటకారి. రెండో ఆవిడ పక్క పల్లెలో దేశియా అనే కొండబాస మాట్లాడే మనిషి, నెమ్మదస్తురాలు. "పిల్లోడు ఆవిడ సేతుల్లోకే ఎల్లిపోయేడు మామ్మా. కానీ నన్ను ఆ మూగ ఆయా పెంచబట్టి కదా నాకు మూడేళ్ల దాకా మాట రాలేదు. అందుకే ఈవిణ్ణి వద్దనేద్దామనుకుంటున్నాను. నువ్వేటంటావు?" అంది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఫోన్‌కి డబ్బు పోదని తెలిసినా, పాత అలవాటు కొద్దీ నేను రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఆ రోజు మాత్రం రేపు చెబుతానని పెట్టేశాను.

ఒడిశాలో, రాయగడలో మాది టోకు దుకాణం. చింతపండు, ఉలవలు, పసుపు, నువ్వులు. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ రెంటి మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత సందు తప్ప అంతా గోనె బస్తాలే. ఎండాకాలంలో ఇల్లంతా చింతపండు పులుపు వాసన, వానాకాలంలో తడి గోనె వాసన. నా చదువు నాలుగో తరగతితో సరి. సరుకు చూడటం మాత్రం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. పిసినారినన్న పేరూ ఉండేది. ఒంటి సబ్బుని దారంతో మూడు ముక్కలు కోసి ఒక్కో ముక్కే బయట పెట్టేదాన్ని. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు మొదటి రోజు ఆ ముక్కని ప్రసాదం అనుకుందో ఏమో, రెండు చేతులా అందుకుంది.

ఆ కోడలిది బ్యాంకు ఉద్యోగం. పిల్లకి, అంటే ఈ మనవరాలికి, పది నెలలు వచ్చేసరికి దాని సెలవు అయిపోయింది. నాకేమో వెనకవైపు వసారాలో సరుకు బాగుచేసే ఆడవాళ్ల మీద కన్నేసి కూర్చోవడంతోనే పొద్దు సరిపోయేది. ఆయాని ఎంచే పని మాత్రం నేనే నెత్తికెత్తుకున్నాను. ఎలా ఎంచానో చెబితే ఇప్పటివాళ్లు నవ్వుతారు. వచ్చిన ఇద్దరికీ చెరో చేటలో ఉలవలు పోసి, వాళ్లకి తెలియకుండా రాళ్లు కలిపి, ఏరమన్నాను. ఉలవల్లో రాయి వదిలేసే మనిషి పిల్ల పక్కన పిన్నీసు వదిలేస్తుందని నా లెక్క. మొదటావిడ పార్వతీపురం వైపు తెలుగామె. ఏరినంతసేపూ తన ఆడపడుచు కథ చెబుతూనే ఉంది, మూడు రాళ్లు వదిలింది. రెండో ఆవిడ కల్యాణసింగ్‌పూర్ అవతల కొండ పల్లె మనిషి, మొహం మీద పచ్చబొట్లు. పెదవి కదపకుండా ఏరింది. చేటలో ఒక్క రాయీ లేదు. నా మనసు కుదుటపడింది.

అయితే నాకొక భయం ఉండేది. మాలాగా కొండల్లో వ్యాపారం పెట్టుకున్న తెలుగువాళ్ల పిల్లలకి బజారు ఒడియా, కొండమాటలు ముందు వచ్చేసేవి, తెలుగు వెనకబడేది. పెళ్లిళ్లకి విజయనగరం వెళ్తే అక్కడి చుట్టాలు నోటికి చెంగు అడ్డుపెట్టుకు నవ్వేవారు. నా కొడుకు విషయంలో పడ్డాను ఆ అవమానం. అందుకని మొదటి రోజే ఆయాకి చెప్పాను. "పిల్లతో నీ బాస మాటాడకు. నీ తెలుగూ వొద్దు, వొంకరగా ఉంది. ఎత్తుకో, తినిపించు, పడుకోబెట్టు. నోటితో పని లేదు." ఆవిడ తలూపింది.

ఆ మాటని ఆవిడ నిలబెట్టుకున్నంతగా మా ఇంట్లో ఎవరూ ఏ మాటా నిలబెట్టుకోలేదు. పాత చీర ముక్కతో పిల్లని వీపుకి కట్టుకుని బస్తాల మధ్య నీడలా తిరిగేది. ఒకసారి దొడ్డివైపు వెళ్తే గంజన్నం తినిపిస్తూ కనబడింది. శబ్దం లేకుండా పెదాలు మాత్రం ఆడిస్తూ, వేళ్లతో చీమని నడిపిస్తూ, అరచేతుల్తో పిట్టని ఎగరేస్తూ, పదివేళ్లూ కిందికి జారుస్తూ వాన కురిపిస్తూ ఏదో కథ చెబుతోంది. పిల్ల విరగబడి నవ్వుతోంది. నేను గుమ్మంలో నిలబడి ఏమనుకున్నానో తెలుసా? చెప్పినమాట వినే మనిషి దొరికిందనుకున్నాను. చూసి సంతోషించి లోపలికి వచ్చేశాను.

రెండున్నరేళ్లు వచ్చినా పిల్లకి మాట రాలేదు. నీళ్లు కావాలంటే వేళ్లతో వాన చూపించేది. కోడలు రోజూ కళ్లనీళ్లు పెట్టుకునేది. ముగ్గురం రైలెక్కి విశాఖపట్నంలో డాక్టరుకి చూపించాం. చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది అన్నాడాయన. పగలంతా పిల్లతో ఎవరు మాట్లాడతారని అడిగాడు. కోడలు నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. ఏ భాష అయినా సరే, ఎదుటి మనిషి మాట్లాడితేనే పిల్లకి మాట వస్తుందని ఆయన నెమ్మదిగా చెప్పాడు. తిరుగు రైల్లో అదే మాట చక్రాల కింద పడి నలుగుతున్నట్టు వినబడుతూనే ఉంది. ఇల్లు చేరేలోగా కోడలికి చెప్పేయాలనుకున్నాను. బొబ్బిలి దాటాక చెబుదామనుకున్నాను, పార్వతీపురం దాటాక అనుకున్నాను. రాయగడ వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే కోడలు ఆయాని నిలేసింది. ఏడాదిన్నర నుంచి పిల్లతో రెండు మాటలు మాట్లాడలేకపోయావా, నోట్లో ఏం పెట్టుకున్నావని కేకలేసింది. ఆవిడ నా వైపు చూసింది. నేను ఖాళీ గోనెలు మడతపెడుతున్నాను. తలెత్తకుండా అన్నాను, "నానూ సెప్పి సూసేను. ఇంటేనా."

ఆవిడ నా మాట కాదనలేదు. వీపున కట్టిన గుడ్డ విప్పి, మడిచి, పిల్లని కింద నిలబెట్టి, గడ్డం పట్టుకుని ఒక్కసారి చూసింది. అప్పుడు కూడా పిల్లతో పెదవి విప్పలేదు. వెళ్లిపోయింది. ఆ వారమే పార్వతీపురం ఆవిడని పిలిపించాం. ఆమె ఆడపడుచు కథలు వినీ వినీ పిల్లకి మూడో ఏట మాటలు వచ్చాయి, అందులో సగం తిట్లు. మా ఇంట్లో 'మూగ ఆయా' అన్న పేరు స్థిరపడింది. నేనే కొన్నిసార్లు ఆ పేరుతో చెప్పుకున్నాను.

మనవరాలికి ఎనిమిదేళ్లప్పుడు సంతలో ఆవిడ మళ్లీ కనబడింది, ముందు అనాసపళ్ల కుప్ప. పిల్ల పక్క కొట్టువాడితో ఒడియాలో గలగలా బేరమాడుతోంది. ఆవిడ దాన్నే చూస్తోంది. పచ్చబొట్లన్నీ కదిలేలా మొహం విచ్చుకుంది. "పాపకి మాటలొచ్చీసేయా అమ్మా?" అని అడిగింది. ఆ తెలుగులో నాకు ఏ వంకరా వినబడలేదు. వచ్చాయన్నాను. ఒక మంచి పండు ఏరి నా సంచిలో పెట్టింది. నేను కాదనలేదు, తీసుకున్నాను. పిల్ల పరుగున వచ్చి ఆవిడెవరని అడిగితే, "ఎవరో సంత మనిసి" అని చెయ్యి పట్టి లాక్కొచ్చేశాను. ఆవిడకి తెలుగు వచ్చు, ఆ మాట వినబడే ఉంటుంది.

పోయిన వారం తను అడిగిన మర్నాడు ఇదంతా మనవరాలికి ఫోన్‌లో చెప్పాను. ఈసారి రెండు ముక్కల్లో కాదు. అంతా విన్నాక, "ఆ దేశియా ఆవిణ్ణి రేపు రమ్మంటాను మామ్మా. పిల్లోడితో ఆవిడ బాసలోనే మాటాడమంటాను" అంది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఎప్పుడో జరిగిన సంగతి, ఇప్పుడెందుకులే అని ఏటికేడూ దాటవేస్తూ వచ్చాను. ఏళ్లు గడిస్తే తప్పు పాతబడిపోతుందనుకున్నాను, నేను పాతబడ్డాను గానీ అది పాతబడలేదు.