పెద్దాయన పంచిన మూడెకరాలు

జగిత్యాలల మాది కిరాణం దుకాణం. మాటలు రాకముందే వీనికి బేరం వచ్చిందని మా అమ్మ అనేది. చాన ఏండ్లు అది పొగడ్తే అనుకున్న.

గొల్లపల్లి దిక్కు ఊరి నుంచి ఒక కూలాయన మా దుకాణానికి వచ్చేటోడు. ఆయన దగ్గర ఒక పట్టా ఉండె. నిజాం కాలంల జైలుకు పోయి, స్వతంత్రం వచ్చినంక మంత్రి అయిన సోషలిస్టు నాయకుడు ఒకాయన, అందరు పెద్దాయన అనేటోళ్లు, కోరుట్ల మీటింగుల సొంత చేతితోటి ఇచ్చిండు. ఆ ఊరి దొరకు సీలింగు కన్న ఎక్కువున్న భూమిలకెల్లి మూడెకరాలు. పెద్దాయన ఇచ్చిండు గని దొర ఇడువలే. కొన్నేండ్లకు పెద్దాయన చచ్చిపోయిండు.

తర్వాత అన్నలు, నక్సలైట్లు, వచ్చిన్రు, ఊరూరా కూలోళ్ల సంఘం పెట్టిన్రు. సిరిసిల్ల దిక్కు లేచిన ఎర్రజెండాలు మా దిక్కూ లేచినయి. గా మూడెకరాలల్ల గూడ ఒకటి పాతిన్రు. జెండా ఉన్న భూమిల ఎవ్వరు నాగలి పెట్టొద్దు, సంఘం పంచినంకనే దున్నాలె. దొర కరీంనగర్‌కు మకాం మార్చిండు. భూమి బీడు పడ్డది.

నాకు ఆ జెండా బేరంల మొదటి మాట లెక్క కనబడ్డది. వాళ్లు పైన చెప్పిన్రు, దొర కింద చెప్తడు, నడుమ కలిపేటోడు కావాలె. నన్నెవ్వరు అడగలే. నేనే కరీంనగర్ బస్సెక్కిన.

దొర చాయ్ తాపిచ్చిండు. అక్కడనే మునిగిన.

"కాయితం మీద మూడెకరాలు కావాల్నా, చేతిల ఎకరం కావాల్నా వాన్ని అడుగు సేటూ. పట్టా నాకు పంపుమను, ఎకరం రాసిస్త."

ఎకరన్నర దాక గుంజిన. వాపస్ వచ్చేటప్పుడు బస్సుల కూసోని నా తెలివికి నేనే మురిసిన.

కూలాయన ఇంటికి పోయి చెప్పిన. ఆయన మెత్తపడలే. "పెద్దాయన చేతుల పెట్టిండు సావుకారీ."

"పెద్దాయన లేచొచ్చి దున్నిపెడ్తడా?" అన్న.

లోపట్నుంచి ఆయన భార్య, "కాయితం ఉడకపెట్టుకోని తింటమా? ఇచ్చెయ్ రాదు" అన్నది.

ఇచ్చిండు. నేనే తీస్కపోయి దొర చేతుల పెట్టిన.

వారం తిరగలే, సంఘపోళ్లు ఆయన్ని పట్టుకున్నరు. "జెండా పాతిన భూమికి దొరతోటి రాజీ ఎట్ల పోయినవ్? పంచిననాడు నీకు భూమిల పాలు లేదు, పో." ఇద్దరి నడుమ బేరం చేసిన నేను, జెండా పాతినోళ్లను ఒక్క మాట అడగాలని గూడ అనుకోలే. ఉప్పు అమ్మేటోని తెలివి గంతదాకనే.

దొర దగ్గరికి ఉరికిన. "ముందు జెండా పీకియ్యి, తర్వాత రాసిస్త" అన్నడు.

"అయితే పట్టా వాపస్ ఇయ్యి దొరా."

"ఏ పట్టా?"

చాయ్ గూడ అడగలే ఈసారి.

మరునాడు కూలాయన దుకాణం ముంగట నిలబడ్డడు. గిరాకీ ఉన్నది, అందరు పోయేదాక ఆగిండు. "ఏమన్నడు సావుకారీ?"

నిజం చెప్పుదామనే నోరు తెరిసిన. "ఇస్తనన్నడు. జర ఓపిక పట్టుమన్నడు" అని వచ్చింది.

ఆయన తల ఊపిండు. రెండడుగులు పోయి మళ్ల తిరిగొచ్చిండు.

"దొరకు జర చెప్పు సావుకారీ, వానలు పడుతున్నయి. పట్టా తడవనియ్యొద్దని."

చెప్త అన్న.