గంటలమ్మి కొన్న కంబళ్ళు

సర్కారు ఎద్దుల మెడలోని గంటలు అమ్మి సిపాయిలకు కంబళ్ళు కొన్నవాణ్ణి నేను. మద్రాసు ఫౌజులో ఇంతకంటే మంచి బేరం చేసినవాడుంటే వచ్చి చెప్పమనండి. గంటలు పాత కంచు. తూకంలో వాటికి పట్టిన మట్టి కూడా కంచు ధరకే పోయింది. కంబళ్ళు మాత్రం కొత్తవి.

నిడదవోలుకు వాయవ్యంగా, కొండలు మొదలయ్యే చోట మా దళం దిగింది. మార్గశిరం. రెండు వరసల గుడారాలు, ఒక వాగు. పగలు చొక్కా విప్పాలనిపించేది, రాత్రి గడ్డిలో దూరాలనిపించేది. కొండల్లో కలత అన్నారు. తుపాకీ పేలడం మేం విన్నది తక్కువ. మమ్మల్ని పడగొట్టింది చలిజ్వరం.

బియ్యం, తూటాలు బండ్ల మీద పైకి వెళ్ళేవి. జబ్బు మనుషులు అవే బండ్ల మీద కిందికి వచ్చేవారు. ఆసుపత్రి రాజమండ్రిలో. అడవి దారి దిగి, కాలవ గట్టు పట్టుకుని నిడదవోలు లాకులకు చేరాలి. అక్కడ పొద్దున్నే పడవ ఎక్కితే విజ్జేశ్వరం, అక్కణ్ణుంచి గోదావరి దాటడం. పడవ రోజుకు ఒకటే. శంఖం ఊది కదిలిందంటే మళ్ళీ మర్నాడే.

మాది పాలకొల్లులో పప్పులు, చింతపండు అమ్మే కొట్టు. నేను తుపాకీ కంటే తక్కెడ తిన్నగా పట్టుకుంటానని హవల్దారు మొదటివారమే కనిపెట్టి బండ్ల మీద వేశాడు. అందరూ నన్ను శెట్టీ అనేవారు.

బండ్ల సంగతి అక్కడే నేర్చుకున్నాను. గట్టు దారి ఇరుకు, ఎదురుబండ్లు రాసుకోవడం రోజూ ఉండేదే. ఓసారి దొరగారి గుర్రబ్బండి మా బండిని తాకింది. కమానులు, రంగు, తోలు పరుపు అన్నీ ఉన్న బండి. నొగ చెరుకుగడలా విరిగింది. మా బండికి గీత పడింది. రైతుల నాటుబండి తుమ్మచెక్క. అది దెబ్బ తిన్నప్పుడు ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమని మళ్ళీ సర్దుకునేది. పల్లకీకి అసలు దెబ్బే తగలదు, బోయీలు దాన్ని ఎత్తుకుని చేలోకి దూకేస్తారు. అన్నిటిలోకీ మొండిది మా సర్కారు బండి. దానికి ఇనుప ఇరుసు. నాకు దానిమీద గురి కుదిరింది.

కొండల దగ్గర గంటలు మోగకూడదని హుకుం వచ్చింది.

“విప్పి మూటకట్టి పెట్టు,” అన్నాడు హవల్దారు.

“మూటలో చిలుము పడతాయండి. అమ్మితే కంబళ్ళొస్తాయి.”

అతను కాసేపు మీసం దువ్వుకున్నాడు. “నీకెంత మిగులుద్ది?”

“చలి తగ్గుద్దండి.”

మా బండి తోలే అతనొక్కడే సణిగాడు. “గంటల్లేకపోతే ఎద్దులు నిద్దరోతాయండి. నేనూ నిద్దరోతాను.” అందరూ నవ్వారు. గట్టు మీద మంచులో ఎదురొచ్చేవాడి సంగతి అతనికీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

కంబళ్ళు పంచిన రోజు అందరికంటే ఎక్కువ సంబరపడ్డది మా భిస్తీ. తోలుతిత్తిలో వాగునీళ్ళు మోసి గుడారం గుడారానికీ పోసేవాడు. రాజమండ్రి మనిషి. “నాకు ఎడమెద్దు గంట దక్కిందిరా, వెచ్చగా ఉంది,” అని కప్పుకుని తిరిగాడు. నాకు నీళ్ళు పోసినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: “శెట్టీ, నువ్వు బేరమాడకుండా తీసుకునేది ఇదొక్కటే.”

పుష్యంలో భిస్తీ జ్వరాన పడ్డాడు. మూడోనాటికి కళ్ళు పసుపుపచ్చ. హవల్దారు నన్ను పక్కకు పిలిచాడు. “మందు రాజమండ్రిలో ఉంది, ఇక్కడ లేదు. రేప్పొద్దున పడవ అందాలి. దార్లో ఎవడితోనూ బేరం పెట్టుకోకు.”

రాత్రంతా నడిచాం. గట్టెక్కేసరికి తెల్లవారింది. మంచు. ఎద్దుల కొమ్ములు కనిపిస్తున్నాయి, ఆపైన తెలుపే. లాకులు ఇక కూతవేటు దూరం.

ఎదరనుంచి గంటలు వినిపించాయి.

“బండొస్తందండి. ఆగమంటారా?” అన్నాడు తోలే అతను.

“ముందు మలుపులో గట్టు వెడల్పుంది. అక్కడ అతనే ఆగుతాడు. పోనీ.”

అక్కడ పద్ధతి అదే. గంటలు విన్నవాడు వెడల్పు చోట ఆగి దారిస్తాడు. అతనూ ఆగేవాడే. మా ఎద్దుల మెడలు బోసిగా ఉన్నాయన్నది ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

కొబ్బరికాయ కొట్టినంత చప్పుడు. అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ విరగలేదు. ఏదీ విరగకపోవడమే మా కర్మ. మా ఇనుప ఇరుసు కొన అతని చక్రంలో ఆకు కర్రల మధ్య దూరి బిగుసుకుంది. ఎద్దుల్ని విప్పి వెనక్కి నెట్టాం. ఇనుము విరగదు, తుమ్మ వంగదు. అటు కాలవ, ఇటు పల్లం. అతని చక్రంలో ఒక ఆకు నరికితే తప్ప రెండు బండ్లూ కదలవు.

అతను నడివయసు రైతు. ధాన్యం బస్తాలతో సంతకు పోతున్నాడు. “మీ ఎద్దులకి గంటల్లేవేంటండి? మలుపులో ఆగి మరీ విన్నాను, ఏం లేదనుకుని వచ్చేశాను.”

నేను బండి వెనక్కి వెళ్ళి భిస్తీ మీదికి వంగాను. మా నాన్న నేర్పిన మొదటి పాఠం ఒకటుంది: నీ అవసరం ఎదుటివాడికి కనిపిస్తే ధర పెరుగుతుంది.

“కాసేపు పలక్కు,” అన్నాను. “లోపల మనిషున్నాడని తెలిస్తే ధర దిగడు.”

“ఎంతలో తేలుస్తావు?”

“మూడణాలు.”

“రెండు చెయ్యి,” అని తనే కంబళి మొహం మీదికి లాక్కున్నాడు.

ఆకు నరకనివ్వడానికి రైతు రూపాయి అడిగాడు. “ఆకు పోయాక బరువుతో ఆ చక్రం ఎంత దూరం పోద్దండి?”

“తుమ్మ ఆకు అణా. వడ్రంగి కూలి అణా.”

“మా వడ్రంగి నాకు అల్లుడేం కాదండి.”

ఎనిమిదణాలకు దిగాడు. తోలే అతను నా భుజం పట్టుకున్నాడు. “ఇచ్చేద్దాం బాబూ.” కళ్ళతోనే నోరు మూయించాను. బేరంలో ఆఖరి ఎత్తు వెళ్ళిపోతున్నట్టు నటించడం. చక్రం ఇరుక్కున్నవాడు ఎక్కడికి వెళతాడండి? అయినా నాలుగడుగులు వేశాను. అక్కణ్ణుంచి బండిలోకి చూస్తే కంబళి వణుకుతోంది. నా నాటకానికి నవ్వుతున్నాడనుకున్నాను. ఎప్పుడూ నవ్వేవాడే కదా.

రైతు నాలుగు దగ్గర, నేను మూడు దగ్గర ఉండగా లాకుల వైపునుంచి శంఖం వినిపించింది.

కంబళి కిందికి జారింది. “శెట్టీ, అది మన పడవేనా?”

రైతు ఆ గొంతు విని బండి వెనక్కి వచ్చి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. “జబ్బు మనిషా లోపల? ముందే చెప్పకూడదాండి?”

గొడ్డలి తీసి తన చక్రం తనే నరుక్కున్నాడు. రెండు మూడు దెబ్బలు. ఆకు ఊడింది. నేను రొంటిలోంచి అణాలు తీశాను. అతను నా చేతివైపు చూడలేదు. మా బండి చక్రానికి భుజం పెట్టి తోసి, “తొందరగా పొండి,” అన్నాడు.

మేం లాకులకు చేరేసరికి నీళ్ళు సర్దుకున్నాయి. పడవ వెళ్ళినట్టు కూడా లేదు. రాత్రంతా నడిచిన ఎద్దులు అక్కడే కూలబడ్డాయి. తోలే అతను వేరే ఎద్దుల కోసం ఊళ్ళోకి పరుగెత్తాడు. భిస్తీ నీళ్ళు అడిగాడు. అతని తిత్తిలోంచే పోశాను. గుటక వేసి నావైపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. అనలేదు. ఎద్దులు వచ్చేసరికి వాటితో పని లేకపోయింది.

నిడదవోలులోనే అతని మతస్థులు నలుగురు వచ్చి మట్టి చేశారు. కంబళి నా చేతికిచ్చారు.

“పడవ అందినా పోయేవాడే,” అన్నాడు హవల్దారు. అతను ధర తగ్గించి చెబుతున్నాడని నాకు తెలుసు. అతని చోట ఉంటే నేనూ అంతే చెప్పేవాణ్ణి.

ఎండలు ముదిరాక దళం వెనక్కి మళ్ళింది. నేను ఫౌజు వదిలి పాలకొల్లు వచ్చి కొట్లో కూర్చున్నాను. శొంఠికో మిరియాలకో ఎవరైనా రొప్పుతూ వస్తే వాళ్ళ మొహం చూసి ధర చెప్పలేను. కొట్టు మునుగుతుందని మా తమ్ముడు గొణుగుతాడు.

బండి వెనక ఆ కంబళి వణకడం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నవ్వు కాదది.

ఇక లెక్క. గంటలకు కంబళ్ళు వచ్చాయి, అందులో మోసం లేదు. మా బండి ఇరుసుకు గీత కూడా పడలేదు. రైతుకు ఒక ఆకు పోయింది, డబ్బు పుచ్చుకోలేదు. భిస్తీ పోయాడు. ఆ పొద్దున నా రొంటిలోంచి ఒక్క దమ్మిడీ ఖర్చు కాలేదు.