ఓబుళమ్మ ఎక్కిన రెండో బస్సు

ఆళ్లగడ్డలో ఓబుళమ్మ అత్తగారికి కాళ్లు పడిపోయి ఏళ్లయింది. ఆమెను వదిలి ఓబుళమ్మ ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. చివరికి భర్తే పట్టుబట్టి, ఇళ్లకొచ్చి ముసలివాళ్లను చూసుకునే మాబున్నిని నంద్యాల నుంచి రెండు రోజులకు పిలిపించాడు. ఓబుళమ్మ బనగానపల్లెలో అక్క ఇంటికి బయలుదేరింది. అత్త పరాయి చేతి ముద్ద తింటుందా అన్న దిగులు మాత్రం ఆమెను బస్సులో కుదురుగా కూర్చోనివ్వలేదు. ఊరు దాటగానే దిగి, ఆటో ఎక్కి వెనక్కి వచ్చేసింది.

ఇంట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. సంగటి గిన్నె ఖాళీగా ఉంది. మంచం మీద వామనగుంటల పీట పెట్టుకొని అత్త చింతపిక్కలు పంచుతోంది.

"ఏందీ, బస్సు తప్పిపోయిందా?" అంది తలెత్తకుండా.

"నువ్వు తిన్యావో లేదో అని వచ్చినా అత్తా."

"తిన్యా. ఆడుకుంటాండా. ఇన్నేండ్లకు నీ సణుగుడు లేని దినం దొరికితే దాన్నీ చెడగొడ్తావా? పో మే. వచ్చేటప్పుడు మామిడిపండ్లు తే."

మాబున్ని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఓబుళమ్మకూ నవ్వొచ్చింది.

తర్వాతి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బనగానపల్లెలో కండక్టరు లేపేదాకా హాయిగా నిద్రపోయింది.