తెర అక్కర్లేని కంప్యూటరు

ఆ ఆసుపత్రిలో ఆవిడని అందరూ టైపమ్మ అంటారు. పుట్టుకతోనే చూపు లేదు. మూడో అంతస్తులో రికార్డుల గది పక్కనున్న చిన్న గదిలో కూర్చుని పద్నాలుగేళ్ళుగా స్కానింగ్ రిపోర్టులు టైపు చేస్తోంది. ఆవిడ పని తీరు చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవలసిందే. స్కానింగ్ చేసే డాక్టరమ్మ రికార్డు చేసి పంపిన మాటలు కుడి చెవిలో. తాను కొట్టింది చదివి వినిపించే కంప్యూటరు గొంతు ఎడమ చెవిలో. బల్ల కింద ఓ పెడలు. కాలితో నొక్కితే డాక్టరమ్మ మాట్లాడుతుంది, తీస్తే ఆగిపోతుంది. "ఈ ఆసుపత్రిలో డాక్టర్ల నోరు మూయించగలిగేది నేనొక్కదాన్నే" అని నవ్వుతుంది టైపమ్మ. కంప్యూటరు గొంతుకి ఆవిడ పెట్టుకునే వేగం ఎంతంటే, పక్కవాళ్ళకి అది మనుషుల భాష అని కూడా తెలియదు.

అలాంటి మనిషికి ఓ సోమవారం పొద్దున ఎడమ చెవిలో చప్పుడు లేదు.

సెలవు రోజు చూసి ఆసుపత్రి కంప్యూటర్లన్నిటికీ కొత్త సిస్టమ్ ఎక్కించారు. పాతదానికి ఇక దిక్కూ మొక్కూ ఉండదని కంపెనీవాళ్ళు చెప్పారట. బాగానే ఉంది. కానీ టైపమ్మకి తెర మీది మాటలు చదివిపెట్టే సాఫ్ట్‌వేరు వేరే కంపెనీది, పాతది. దాన్ని కొత్త సిస్టమ్ గుమ్మంలోనే ఆపేసింది. కొత్త సిస్టమ్‌తో పాటు వచ్చిన గొంతేమో రిపోర్టుల ప్రోగ్రాము తెరవగానే మూగబోయింది. వేరేది కొనాలంటే ఫైలు పైకి వెళ్ళాలి. పైనున్నవాళ్ళకేం తొందర?

పరిపాలన చూసే ఆఫీసరు పిలిపించాడు. "కంపెనీకి ఫోన్ చేస్తే తమ వల్ల కాదన్నారు. ఫైలు పంపానమ్మా. వచ్చేదాకా కింద కౌంటర్లో కూర్చోండి. టోకెన్లు చింపి ఇవ్వడమేగా, హాయిగా ఉంటుంది."

"ఎన్నాళ్ళండీ?"

"రెండు నెలలో, మూడు నెలలో. మీ జీతం ఎక్కడికీ పోదు లెండి."

అడిగింది జీతం గురించి కాదు. అయినా కిందికి దిగింది. మూడు రోజులు టోకెన్లు చింపింది. మూడో రోజు ఎవరో ఆడమనిషి టోకెను అందుకుంటూ పక్కనామెతో అంది. "పాపం, ఏదో ఒక పని ఇచ్చారు లెండి!" ఆ మాట సూటిగా వచ్చి గుండెల్లో దిగింది. ఎముక ఎక్కడ చిట్లిందో, గడ్డ ఎంతుందో పద్నాలుగేళ్ళు పొల్లు పోకుండా రాసిన చేతులవి. వాటికి ఏదో ఒక పనా? ఇంటికి వెళ్ళి తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని, స్నేహితురాలికి ఫోన్ చేసింది.

ఆ స్నేహితురాలికీ చూపు లేదు. ఓ బ్యాంకులో టెలిఫోను ఆపరేటరు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ కలిసి చదువుకున్నారు.

"లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఉంది, అది వేసుకోవే. చదివే గొంతు దాంతోపాటే వస్తుంది. పైసా ఖర్చూ, ఎవడి సంతకమూ అక్కర్లేదు" అందామె.

"ఊరికే వచ్చేది ఏపాటి ఉంటుందే?"

"ఊరికే రావడం సంగతి అలా ఉంచు. అది ఎలా పనిచేస్తుందో దాపరికం లేకుండా అందరి ముందూ పెట్టేశారు. నచ్చకపోతే నువ్వే మార్చుకోవచ్చు. మనలాంటివాళ్ళు కూడా కూర్చుని దాన్ని బాగుచేస్తుంటారు, తెలుసా?"

మనలాంటివాళ్ళు అన్న మాట దగ్గర టైపమ్మ మనసు ఆగిపోయింది. ఆ సాయంత్రమే అక్క లాప్‌టాప్ ముందు వేసుకుని కూర్చుంది. అక్కాచెల్లెళ్ళది ఒకే ఇల్లు. తెర మీద ఏముందో అక్క చదివి చెప్పాలి. అక్క చదవడమంటే చదవడం కాదు, వ్యాఖ్యానం.

"ఏదో ఇంత పొడుగు రాశాడే. చివర్లో అవునా, కాదా అంటున్నాడు."

"ఆ పొడుగులో ఏముందో చదువక్కా."

"ఎందుకే, మర్యాదగానే అడుగుతున్నాడుగా. అవును అనేశా."

అక్క మర్యాదకి అక్క పెళ్ళి ఫొటోలతో సహా లాప్‌టాప్ మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు అక్కే పలకరించింది కానీ, ఈలోపు చెల్లెలు ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఇక ఎవరి కళ్ళూ అరువు తెచ్చుకోనని.

"పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే బీప్ మంటుంది. వినగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టు. తర్వాత అదే మాట్లాడుతూ నడిపిస్తుంది" అని స్నేహితురాలు దారి చెప్పింది. టైపమ్మ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కి పెట్టి ఆన్ చేసింది. బీప్ వినబడింది. నొక్కింది. కాసేపటికి ముక్కుతో మాట్లాడే గొంతొకటి, భాష ఏది కావాలని అడిగింది. ఇంత వికారమైన గొంతు జన్మలో వినలేదు అనుకుంటూనే ఆనందంతో ఏడ్చేసింది.

పగలు టోకెన్లు, సాయంత్రం లినక్స్. తల ప్రాణం తోకకొచ్చింది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న పెడలు పనిచెయ్యడానికి వారం పట్టింది, రిపోర్టు అంచులు సరిగ్గా కుదరడానికి ఇంకో వారం. అప్పుడు వెళ్ళి ఆఫీసరుని అడిగింది.

"ఊరికే వచ్చేది ఆసుపత్రిలోనా? ఏమైనా అయితే?" అన్నాడాయన.

స్కానింగ్ డాక్టరమ్మ అక్కడే ఉంది. "ఇప్పటికే అవుతోందండీ. మూడు వారాలుగా రెండు వేళ్ళతో నేనే కొట్టుకుంటున్నా. ఒక్క అవకాశం ఇవ్వండి."

"సరే. సోమవారం నుంచి నాలుగు రోజులు సర్దుకోండి. శుక్రవారం రిపోర్టులన్నీ నాలుగింటికల్లా తప్పుల్లేకుండా చేతికి రావాలి. రాలేదా, టోకెన్లే. మళ్ళీ నా దగ్గరికి రాకూడదు."

ఆ నాలుగు రోజులూ తన గదిలో, తన కంప్యూటరుకి లినక్స్ ఎక్కించి దాని మీదే కూర్చుంది. ముక్కుగొంతు వైద్యం మాటల్ని ఖూనీ చేస్తుంటే, ఒక్కొక్క మాటా ఎలా పలకాలో పట్టీ రాసి నేర్పించింది. పట్టీకి కాపీ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. అది ఆవిడ తప్పే.

శుక్రవారం పొద్దున వచ్చి తడుముకుంటే బల్ల మీద తెర ఉంది, కింద కంప్యూటరు లేదు. పదింటికి, ఆసుపత్రి కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ దాన్ని మోసుకుంటూ హుషారుగా వచ్చాడు.

"అమ్మా, నిన్న సాయంత్రం చూస్తే చచ్చిపడుంది. కిందికి తీసుకెళ్ళి బతికించా."

"దానికేమైందయ్యా?"

"తెర నల్లగా ఉందమ్మా."

"నాకు తెరెందుకయ్యా? నేనే ఆపేశా!"

మెకానిక్ నీళ్ళు నమిలాడు. "కింద నా తెరకి తగిలిస్తే ఏదో తెలియని సిస్టమ్ కనబడింది. వైరస్ అనుకుని మొత్తం తుడిచేసి, మనదే మళ్ళీ ఎక్కించా."

అతన్ని అనడానికేముంది? ఎవరూ చెప్పలేదు. టైపమ్మకి కిందికి పోయి టోకెన్లు చింపుకుంటే పీడా పోతుందనిపించింది, ఒక్క క్షణం. మరుక్షణం సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "వైర్లు తగిలించి కుర్చీ ఇటు జరుపు. తాడో పేడో తేలిపోవాలివాళ."

"తెర ఆన్ చేసి నేను చదువుతానమ్మా."

"వద్దు నాయనా, ఒకసారి చదివించుకున్నా. నువ్వు అలా కూర్చుని విను."

పదకొండుంపావుకి సిస్టమ్ లేచింది. పెడలు, రిపోర్టుల ప్రోగ్రాము కుదిరేసరికి పన్నెండు దాటింది. మాటల పట్టీ మాత్రం పోయినట్టే. ముక్కుగొంతు మళ్ళీ అడ్డదిడ్డంగా పలుకుతుంటే, అనుమానం వచ్చిన ప్రతి మాటనీ అక్షరం అక్షరంగా విని సరిచూసుకుంది. అన్నానికి లేవలేదు. ఇరవై ఆరు రిపోర్టులు. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఆఖరిది ప్రింటయింది.

ఆఫీసరూ, డాక్టరమ్మా ఆ గదికే వచ్చారు. డాక్టరమ్మ ఆయన ఎదుటే అన్నీ చదివింది. ఒక్కచోట ఆగింది. పక్కన టైపమ్మ చిన్న గమనిక పెట్టి ఉంది: "మొదట కుడి మోకాలన్నారు, చివర ఎడమన్నారు. ఏది?"

"అయ్యో, కుడే! తప్పు నాది" అంది డాక్టరమ్మ. "ఇందులో దొరికిన తప్పు ఇదొక్కటేనండీ."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మరీ మంచిది. ఇంకో శుభవార్త కూడా ఉందమ్మా. మీ ఫైలు ఇవాళే వచ్చింది. డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేరు మంజూరైంది, ఏడాదికి. సోమవారం దానికే మారిపోదాం."

"ఏడాదయ్యాక?"

"మళ్ళీ ఫైలు పెడతాం."

"అది వచ్చేదాకా నేను టోకెన్లు చింపుతాను. అంతేగా? వద్దండీ. నాకు ఇదే ఉండనివ్వండి."

"చక్కగా మంజూరైందాన్ని వద్దంటారేమిటి? రేపు ఇది పాడైతే ఫోన్ చెయ్యడానికి ఓ కంపెనీ అయినా లేదే!"

"నాకు చదివిపెట్టే గొంతు పోయినప్పుడు కంపెనీ ఉందిగా. మీరు ఫోన్ కూడా చేశారు."

"అయితే రాసివ్వండి" అన్నాడాయన బిగుసుకుపోయి. "నేను చెబుతా, టైపు చెయ్యండి. ఈ సిస్టమ్‌ని నా ఇష్టప్రకారం ఎంచుకున్నాను. ఇది పాడైతే పూర్తి బాధ్యత నాదే."

టైపమ్మ వేళ్ళు గబగబా నడిచాయి. కాగితం ప్రింటయింది. అంచు తడిమి చూసుకుని కింద సంతకం పెట్టి అందించింది. ఆఫీసరు చదువుకున్నాడు, ఆఖరి ముక్క పైకి చదివాడు.

"బాగుచేసేదీ నేనే. అప్పటిదాకా ఈ కుర్చీలోంచి నన్ను లేపకూడదు." తలెత్తాడు. "ఇది నేను చెప్పలేదే?"

"లేదండీ. సంతకం నాది కదా, ఆ ముక్క నేను చెప్పుకున్నా."

ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ పేరు కింద తనూ సంతకం పెట్టాడు.