చేతిపంపులో ఆవిడ

మా బాబాయికి దెయ్యం కనిపించని స్థలం భూమ్మీద లేదు. సొంత బాబాయి కాదు లెండి, మా ల్యాబులో అందరికంటే సీనియరు కాబట్టి అందరికీ బాబాయే. పొలాలు కొని గోడౌన్లూ షాపింగు కాంప్లెక్సులూ కట్టేవాళ్ళు, కట్టేముందు ఆ మట్టిలోనూ అడుగునీళ్ళలోనూ విషం చేరిందేమో చూడమని మమ్మల్ని పిలుస్తారు. బాబాయి మట్టి తవ్వుతాడు, నీళ్ళు పడతాడు, దెయ్యాన్ని చూస్తాడు. సైన్సు ముక్క రాని నేను సీసాలకి చీటీలు అంటిస్తూ వణుకుతుంటాను.

ఆయన దెయ్యాలకి చాదస్తం ఎక్కువ. ఒకచోట పురుగుమందుల కొట్టు కూలిపోయి ఉంది.

"ఇక్కడొక ముసలాయన ఉన్నాడర్రా. ఒట్టికాళ్ళతో తిరిగితే పట్టుకుంటాడు," అన్నాడు బాబాయి.

"బూట్లేసుకుంటేనో?" అన్నాడు బోరు వేసేవాడు వెటకారంగా.

"బూట్లంటే ఆయనకి అసహ్యం. దగ్గరికి రాడు."

మర్నాడు కూలీలందరూ బూట్లతో దిగారు. ఇంకోచోట, పాత డీజిలు ట్యాంకు దగ్గర, సిగరెట్టు వాసన గిట్టని దెయ్యం. "మీ దెయ్యాలకి పనీపాటా లేదా బాబాయ్?" అని నేనంటే, "ఎందుకు లేదూ? టైముకి డ్యూటీకొస్తాయి, నీకంటే నయం," అనేవాడు.

ఆ రోజు వెళ్ళిన పొలం మాత్రం నాకు అడుగు పెట్టగానే నచ్చలేదు. ఏళ్ళ తరబడి ఎరువు మీద ఎరువు పోసి పండించి, అమ్మేసి వెళ్ళిపోయారు. మిట్టమధ్యాహ్నం. గాలి ఆడటం లేదు, అయినా మనిషెత్తు గడ్డి కదులుతోంది. ఒక్క పిట్ట కూడా అరవడం లేదు. మధ్యలో చేతిపంపు, ఎవరూ కొట్టకుండానే చుక్కలు చుక్కలుగా కారుతోంది. దాని పక్కన రేకుల గది. అందులో వాచ్‌మన్, అతని భార్య, నాలుగు నెలల పాప.

బాబాయి పంపు కొట్టాడు. లోపలెక్కడో ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. తేటగా నీళ్ళొచ్చాయి.

"అటు తిరుగమ్మా. నేను కొంచెం మాట్లాడాలి."

ఎవరితో అని అడిగే ధైర్యం నాకెక్కడిది? తిరిగాను. వెనక ఏదో గొణుగుడు వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయింది. చూసేసరికి బాబాయి ముఖంలో నెత్తురుచుక్క లేదు. గబగబా గదివైపు నడిచాడు.

"పాపకి ఏం పడుతున్నావమ్మా?"

"డబ్బాపాలేనండీ. ఈ పంపు నీళ్ళతోనే కలుపుతున్నా," అంది తల్లి.

"ఈ పంపులో ఒకావిడ ఉంది."

వాచ్‌మన్ నవ్వాడు. "ఏడాదిగా తాగుతున్నాం, మాకేం కాలేదే!"

"పెద్దవాళ్ళు ఆవిడ కంటికి ఆనరు. ఆర్నెల్లలోపు పసివాళ్ళే కావాలి."

"బాగా మరగబెట్టే పడుతున్నానండీ!"

"అయ్యో తల్లీ, మరిగిస్తే ఆవిడ ఇంకా చిక్కబడుతుంది!"

"మరి స్నానాలకి?"

"ఏమీ అనదు. గిన్నెలు కూడా తోముకో. పాప నోట్లోకి మాత్రం చుక్క పోకూడదు."

ఇన్ని షరతుల దెయ్యమా అని నాకు నవ్వొచ్చింది. అంతలో బాబాయి పాపని ఎత్తుకుని వెలుతురులోకి తెచ్చాడు. పెదాలు, గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఏడవడం కూడా లేదు, ఊరికే పంపువైపు చూస్తోంది.

"ఆవిడ చెయ్యి వేసేసింది. ఎక్కండి వ్యాను!"

సీసాలన్నీ పొలంలోనే వదిలేశాం. ఆసుపత్రిలో బాబాయి డాక్టరు చెవిలో ఏదో చెప్పాడు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షను ఇచ్చారు. సాయంత్రానికి పాప పెదాలు ఎర్రబడ్డాయి, ఏడుపుతో వార్డు దద్దరిల్లింది. వింటూ నేనూ ఏడ్చాను.

తిరిగొస్తుంటే బాబాయి జేబులోంచి ఓ కాగితం ముక్క జారింది. ముదురు గులాబీ రంగు.

"ఇదేంటి బాబాయ్?"

"నీళ్ళలో ముంచి నిమిషం లెక్కపెడితే రంగు మారుతుంది. నైట్రేటమ్మా. ఎరువుల్లోంచి దిగింది. కంటికి కనపడదు, ముక్కుకి అందదు."

"అంటే గొణిగింది అంకెలా! మరి దెయ్యం?"

"రిపోర్టు వచ్చేదాకా సైటులో ఎవరికీ ఏమీ చెప్పకూడదని పొలం కొన్న కంపెనీతో ఒప్పందం. అయినా ఒకసారి ఒకచోట చెప్పాను. ఆ ఇంటాయన నవ్వి, నా ముందే గ్లాసెత్తి గటగటా తాగాడు. మనవడికీ పట్టించాడు." కాగితాన్ని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "దెయ్యాల గురించి ఒప్పందంలో ఏమీ రాయలేదు కదమ్మా."

ఇన్నాళ్ళూ ఈయన్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు వెళ్ళి నింపుకొచ్చిన సీసాల రిపోర్టు వచ్చింది. కంపెనీవాళ్ళు పంపుకి గొలుసు వేసి, మంచినీళ్ళ ట్యాంకు పెట్టారు. ఇక దాపరికం దేనికని నేనే కాగితం పట్టుకెళ్ళి, నైట్రేటు అంటే ఏమిటో, ఎంత ఉందో, పసివాళ్ళని ఏం చేస్తుందో విడమరిచి చెప్పాను. తల్లి పాపని చంకనేసుకుని శ్రద్ధగా విని, పంపువైపు ఓరగా చూసి, గొంతు తగ్గించింది.

"అయితే ఆవిడ పేరు నైట్రేటా అండీ?"

నేను నోరు తెరిచేలోగా బాబాయి అందుకున్నాడు.

"అవునమ్మా. చుట్టుపక్కల పొలాల్లో కూడా తిరుగుతుంటుంది. పసిపిల్లలున్న వాళ్ళందరికీ చెప్పు."