అడిగింది పెట్టని మనూసోస్

మనూసోస్ తన హోటల్లో అడిగినదాన్ని అడిగినట్టు తెచ్చిపెట్టిన దాఖలా ఈ క్రీటు దీవి కొండల్లో ఎక్కడా లేదు. కాల్చిన మాంసం అడిగితే ఉడికిన శనగలు పెడతాడు. శనగలు అడిగితే నత్తల వేపుడు. వేడి కాఫీ అడిగిన పాపానికి పోస్టుమాస్టరుకి చల్లటి పుచ్చకాయ ముక్క ఇచ్చాడు.

"ఇదేంటి బాబాయ్?" అంటే, "నోరు నీది, వంటిల్లు నాది. నోర్మూసుకుని తిను!" అంటాడు.

నోరు మూసుకుని ఎలా తినాలో ఎవరికీ తెలియదు. అయినా తిట్టుకుంటూ తింటారు, మర్నాడు మళ్ళీ వస్తారు. ఏం మాయరోగమో!

కల్లిరోయికి మాత్రం ఆ రోజు నవ్వే ఓపిక లేదు. మొగుడు పోయాక తొలిసారి తనే ద్రాక్ష కోసి, తొక్కి, పీపాకెత్తింది. తెల్లారితే సెయింట్ జార్జి పండుగ, ఊళ్ళో కొత్త పీపాలు తెరిచే రోజు. "నీ వైన్ నలుగురూ మెచ్చుకోకపోతే తీగలు పీకించి ఆలివ్ మొక్కలు నాటిస్తా వదినా" అన్నాడు మరిది సిఫిస్. రోషంకొద్దీ సరేనంది. తీరా చూస్తే వైన్ పులుపెక్కింది. నాలుక మీద పడితే ఒళ్ళు జలదరిస్తోంది.

కూజా పట్టుకుని మనూసోస్ దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా. బాగుందో లేదో ఒక్క మాట చెప్పు."

ఆయన ఒక గుక్క తాగాడు. ఉప్పుచేప వేపుడూ వెల్లుల్లి ముద్దా తెచ్చి ముందు పెట్టాడు.

"నేనడిగిందేంటి, నువ్వు పెట్టిందేంటి!" ఏడుపొచ్చేసింది కల్లిరోయికి.

"తిను. తిన్నాక తాగు."

తింది, తాగింది. ఆ ఉప్పు మీద వైన్ పులుపు కమ్మగా తగిలింది. ఏడుపు ఆగిపోయింది.

"రేపు పది కూజాలు పట్రా. ఎవరికీ చెప్పకు" అన్నాడాయన.

పండుగ మధ్యాహ్నం ఊరంతా అక్కడే ఉంది. సిఫిస్ బల్ల గుద్దాడు. "బాబాయ్! గొర్రె మాంసం, నీ పీపాలో కొత్త వైన్!"

ఉప్పుచేప వచ్చింది. అందరికీ అదే. "ఖర్మరా బాబూ!" అనుకుంటూ తిని, వెల్లుల్లి ఘాటుకి ఉస్సు ఉస్సుమంటూ గ్లాసులు ఖాళీ చేశారు.

"అబ్బ! ఈ ఏడు నీ వైన్ అదిరింది బాబాయ్! మా వదిన్ని ఇలా చెయ్యమను చూద్దాం!" అని అరిచాడు సిఫిస్.

"నా పీపా ఇంకా తెరవనే లేదు! నువ్వు తాగింది మీ వదిన వైనేరా."

హోటలంతా గొల్లుమంది. నాలుగో గ్లాసు చేతిలో ఉండగా కాదనడం ఎలా? సిఫిస్ చెవులు ఎర్రబడ్డాయి. "సరేలే వదినా, తీగలు నీవే. బాబాయ్, ఆ వైనే ఇంకో కూజా!"

మనూసోస్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

కల్లిరోయి కళ్ళు తుడుచుకుంటూ ఆయన దగ్గరికెళ్ళింది. "నాకింకేమీ వద్దు బాబాయ్. కడుపు నిండిపోయింది."

"వద్దా? అయితే కూర్చో" అని లోపలికెళ్ళి, సెగలు కక్కుతున్న గొర్రె మాంసం పళ్ళేనికెత్తి ఆమె ముందు పెట్టాడు.