లేని మిషన్‌కి బొట్టు

వర్చువల్ మిషన్ అంటే ఏంటో మా ఇంట్లో చెప్పి చూశాను. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నమ్మించే ప్రోగ్రామ్, అంతకన్నా ఏమీ లేదు. ఇనుమును చెక్కే మిల్లింగ్ మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అందులో పెట్టుకుంటే, అసలు మిషన్ జోలికి పోకుండా దాన్ని ఉత్తుత్తినే నడిపి చూసుకోవచ్చు. ఇంత విడమరిచి చెబితే మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అంటే లేని కంప్యూటర్లో లేని మిషన్ నడుపుతున్నావన్నమాట. కూర మాత్రం ఉన్న గిన్నెలోనే వండావా?" అన్నారు. తెనాలిలో నాకు దక్కిన మొదటి ప్రోత్సాహం అది.

సరదాకి మొదలుపెట్టిన పని కాదు. రేపల్లెలో మా బావగారికి, అంటే అక్క భర్తకి, చిన్న వర్క్‌షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల షాఫ్టులకు గాడులు తీసిపెడతారు. కొంతకాలంగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఒకరోజు మిల్లింగ్ మిషన్ చక్రం తిప్పుతుంటే చెయ్యి అదిరి, కట్టర్ తిన్నగా టేబుల్లోకి దిగి విరిగింది. ఇనప టేబుల్ మీద వేలు పట్టేంత గుంట పడింది. ఆ తర్వాత ఆయన మిషన్‌ను ముట్టుకోలేదు. పొద్దున్నే షట్టర్ ఎత్తడం, బయట కుర్చీ వేసుకుని కూర్చోవడం, వచ్చినవాళ్ళకు లేదండీ అని చెప్పి పంపడం. మిషన్ కొంటానని దుగ్గిరాల నుంచి ఒకాయన తిరుగుతున్నాడని అక్క ఫోన్లో చెప్పింది. "అది అమ్మేశారంటే ఈయన ఇంక మామూలు మనిషి కాలేరే" అంది.

బాపట్లలో పాలిటెక్నిక్ పిల్లలకు నేను చెప్పేదే ఈ పాఠం. చక్రాల చోట మోటార్లు బిగించి కంప్యూటర్‌కు కలిపితే, చెయ్యి వణికినా పని ఆగదు. రేపల్లె వెళ్ళి ఆ మాటే బావగారితో అన్నాను.

"కంప్యూటర్‌కి ఇనుము సంగతి తెలుసా అమ్మాయ్?"

"మీ చక్రానికి తెలుసా బావగారూ?"

"నా చేతికి తెలుసు."

"ఆ చేతి గురించే కదా ఈ గొడవంతా."

అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది. బావగారు మాత్రం, "ముందు నడిపి చూపించు, తర్వాత చూద్దాం" అన్నారు. మోటార్లు కొనకుండా చూపించే దారి ఒక్కటే, తెర మీద ఉత్తుత్తినే నడిపే సిమ్యులేషన్.

కాలేజీలో కంప్యూటర్లు చూసే సారును సాయం అడిగాను. "ఎందుకు మేడమ్ ఇంత శ్రమ, ఏదైనా వీడియో చూపించెయ్యండి" అన్నాడాయన. వీడియో చూసి మనసు మార్చుకునే మనిషైతే మా బావగారు ఎందుకవుతారు? అదంతా నా ల్యాప్‌టాప్‌లో నేనే ఎక్కించుకున్నాను. కంప్యూటర్లోని ఆ కంప్యూటర్ తెర అరచేయంత వచ్చింది. మౌస్ బాణం అందులోకి వెళ్ళిందంటే బయటికి రాదు, అత్తారిల్లు నచ్చిన కూతురిలాగా. అన్నీ కుదిరాయనుకునేసరికి, మోటార్లకు ఆజ్ఞలు ఆలస్యంగా వెళ్తున్నాయని, అసలు మిషన్‌కు ఇది పనికిరాదని ఎర్రటి హెచ్చరిక. అసలు మిషన్ లేదు కాబట్టే కదా తల్లీ నిన్ను పెట్టుకున్నది! బాపట్ల నుంచి తెనాలి వచ్చే ప్యాసింజర్లో ఒళ్ళో ల్యాప్‌టాప్ కాలిపోతుండగా దానితో కుస్తీ పడుతుంటే, ఎదురు సీట్లో పెద్దావిడ వంగి చూసి, "ఆ గరాటు ఎవరిదమ్మా, ఊరికే తిరుగుతోంది" అనడిగింది. గరాటు కాదు, కట్టర్. తెర మీద అది అలాగే కనిపిస్తుంది.

ఆదివారం రేపల్లె వెళ్ళాను. షాపులో ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళొచ్చేసరికి అక్క కుంకుమ భరిణతో నిలబడి ఉంది. ఆ షాపులో కొత్తగా అడుగుపెట్టిన ఏ పనిముట్టుకైనా బొట్టు పెట్టందే పని మొదలుకాదు. మూత మీద ఒకటి పెట్టింది, బాగానే ఉంది. రెండోది, తడి కుంకుమతో, రూపాయి బిళ్ళంత, సరిగ్గా వేలితో బాణాన్ని కదిపే పలక మీద పెట్టింది.

"అక్కడెందుకు పెట్టావే?"

"బొట్టుకోసమే వదిలినట్టు నున్నగా ఉంటేనూ. మరి దేనికది?"

బాణం తెరంతా గంతులేస్తోంది. పలకను చెంగుతో తుడుస్తూ, ఈలోపు ఆ గరాటును పక్కకు జరపమని, కీబోర్డు మీద కుడివైపు బాణం బటన్ బావగారికి చూపించాను. ఆయన వేలు పెట్టారు. చెయ్యి వణికి, పక్కనున్న బటన్ మీదికి జారి అలాగే నొక్కుకుపోయింది. అది కట్టర్‌ను కిందికి దించే బటన్. గరాటు సర్రున గీత దాటి కిందికి దిగింది. ఆ గీత కిందంతా టేబులేనని అంతకుముందే చెప్పి ఉన్నాను.

బావగారు చెయ్యి లాక్కుని ఒకడుగు వెనక్కి వేశారు. కళ్ళు మూసుకున్నారు.

"విరిగిందా?" అన్నారు.

"విరగడానికి అక్కడేముంది బావగారూ? బొమ్మ."

కళ్ళు తెరిచి తెరకేసి చూశారు. నేను గరాటును పైకి తెచ్చి పెట్టాను. ఆయన మళ్ళీ ముందుకొచ్చి, ఈసారి కావాలనే, దాన్ని టేబుల్లోకి దించారు. పైకి తెచ్చారు, మళ్ళీ దించారు.

"గాడి తియ్యడం చూపిద్దామని వస్తే మీరు గుద్దుతున్నారేంటండీ?"

"ఉండమ్మా. ఇన్నేళ్ళుగా అది ఎక్కడ గుద్దుతుందోనని భయపడటమే గానీ, ఎప్పుడన్నా ఇట్టా గుద్దనిచ్చారా నన్ను?"

తర్వాత గాడి ప్రోగ్రామ్ నడిపించాను. స్టార్ట్ నొక్కిన ఆయన వేలు బటన్ మీద వణుకుతూనే ఉంది, తెర మీద గీత మాత్రం తిన్నగా పోతోంది. ఆయన వేలినీ గీతనూ మార్చి మార్చి చూశారు.

"నా చెయ్యి వణుకుతుంటే అది వణకదేంటి?"

"నొక్కడం వరకే మీది. గీసేది అది."

సాయంత్రం దుగ్గిరాల ఆయన ఫోన్ చేస్తే బావగారు, "మిషన్ ఖాళీగా లేదండి, పని మీదుంది" అన్నారు. ఆ మిషనేమో మూల గోనెపట్టా కప్పుకుని ఉంది. అక్క నావైపు చూడకుండా టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

రైలు వేళయిందని ల్యాప్‌టాప్ అడిగితే బావగారు దాని మీంచి చేతులు తియ్యలేదు.

"రేపు నాకు క్లాసుంది బావగారూ."

"బోర్డు మీద గీసి చెప్పుకో."

అలా నా ల్యాప్‌టాప్ రేపల్లెలో ఉండిపోయింది. నేను బోర్డు మీదే గీసి చెబుతున్నాను. రోజూ ఫోన్: "అమ్మాయ్, ఇదేదో ఆలస్యమంటోంది." అది అలాగే అంటుంది, లేని కంప్యూటర్ కాబట్టి, అసలు మిషన్‌కు విడిగా ఉన్న కంప్యూటరే పెడతాం అని రోజూ చెబుతున్నాను. రోజూ వింటున్నారు, రోజూ అడుగుతున్నారు. ఆయనే తెప్పించిన మోటార్లు వచ్చాయి. బిగించడానికి అక్క మంచిరోజు చూసింది, కుంకుమ కూడా కొత్తది తెప్పించిందట. నేను ముందురోజే వెళ్ళి, ఆ మిషన్ మీద బొట్టు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీసి వస్తాను.